పేరు కనుక్కుని చెబుతాను

చర్చిలో కుడివైపు గోడకు, రెండు కిటికీల మధ్య, మనిషెత్తు నల్లరాయి ఒకటి ఉంది. యుద్ధంలో పోయిన ఊరివాళ్ల జ్ఞాపకార్థం ఎనభై ఏళ్ల కిందట నిలబెట్టారు. దాని మీద పదిహేడు పేర్లున్నాయి. ప్రతి పేరుకూ ముందు హోదా, వెనక వయసు. పద్దెనిమిదో వరసకు వచ్చేసరికి హోదా లేదు, వయసు లేదు, అసలు పేరే లేదు. "వంటవాడు" అని మాత్రం ఉంది. ఆ మాట పక్కన జానెడు ఖాళీ.

ఆ ఖాళీ సంగతి ఊళ్లో ఇద్దరికే పట్టింది. ఒకరు చర్చి ఊడ్చే పెద్దమ్మ. ఆమె ఆ వంటవాడి కూతురు. ఎనభై నాలుగేళ్లు వచ్చాయి కాబట్టి ఊడుస్తుందనడం కంటే చీపురు తోడుగా నడుస్తుందనడం నిజం. రెండోవాడు సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కే మేస్త్రి. ఆ నల్లరాయి చెక్కింది అతని తాత. మేస్త్రికీ ఒక పేరు లేకపోలేదు. అది కరెంటు బిల్లు మీద ఉంటుంది. ఊరందరికీ అతను మేస్త్రి, వాళ్ల నాన్న మేస్త్రి, తాత పెద్ద మేస్త్రి.

తాతకు ఒక పద్ధతి ఉండేది. రాయించుకునేవాళ్లు ఇచ్చిన కాగితంలో ఏముంటే రాతి మీద అది చెక్కాలి, ఒక్క అక్షరం కలపకూడదు, ఒక్కటి తీయకూడదు. ఏడ్చేవాళ్లతో వాదన పెట్టుకోకూడదని ఆయన ఉద్దేశం. అప్పటి పాస్టరు గారు ఇచ్చిన కాగితంలో పదిహేడు పేర్ల కింద చివరి వరస ఇలా ఉంది: "వంటవాడు. పేరు కనుక్కుని చెబుతాను." తాత వంటవాడు అని చెక్కి, పేరుకు చోటు వదిలి, ఉలి తుడుచుకుని కూర్చున్నాడు.

పాస్టరు గారు ఆ పేరు కనుక్కోవాలంటే చర్చి వెనక సందులో నలభై అడుగులు నడవాలి. వంటవాడి భార్య ఆ సందులోనే బట్టలు ఉతుకుతూ ఉండేది, అందులో పాస్టరు గారి బట్టలు కూడా ఉండేవి. ఆయన నడవలేదు. ఆ తరవాత బదిలీ అయిపోయారు. కొత్తగా వచ్చినాయన, పాతాయన కనుక్కునే ఉంటారులే అనుకున్నారు. ఆయన తరవాతి ఆయనకు కనుక్కోవలసింది ఒకటుందనే తెలియదు. అలా తొమ్మిది మంది పాస్టర్లు వచ్చారు, తొమ్మిది మందీ దేవుడి దగ్గర మన తలవెంట్రుకలకు కూడా లెక్క ఉందని ప్రసంగాలు చేశారు.

ఏటా ఒక ఆదివారం ఆ పేర్లు పైకి చదువుతారు. ఒక్కో పేరు చదవగానే ఆ కుటుంబం వాళ్లు లేచి నిలబడతారు, మిగతా సంఘమంతా "మరచిపోము" అంటుంది. మొదటి పేరు మేజరు గారిది. ఆయన మనవలు, మునిమనవలు కలిసి రెండు బెంచీలు లేస్తారు. పదిహేడో పేరు అయ్యేసరికి భోజనాల వేళ దాటిపోతూ ఉంటుంది. పాస్టరు గారు గబగబా "వంటవాడు" అని పుస్తకం మూసేస్తారు. అప్పుడు వెనక వరసలో పెద్దమ్మ లేచి నిలబడుతుంది. ఆమె తలుపులు తీయడానికి లేచిందనుకుని అందరూ లేచి ఇళ్లకు వెళ్లిపోతారు. "మరచిపోము" అనడం మరచిపోతారు.

పెద్దమ్మ ఊరుకోలేదు. నలభై ఏళ్లుగా ఏడాదికొక అర్జీ ఇస్తూ వచ్చింది. మా నాన్న పేరు ఫలానా, ఆ ఖాళీలో నాలుగక్షరాలు చెక్కించండి బాబూ అని. అర్జీలన్నీ సంఘం ఆఫీసులో ఒక ఫైలులో భద్రంగా ఉన్నాయి. వాటిని చెదలు తప్ప ఎవరూ చదవలేదు. ఈ ఏడు వచ్చిన పాస్టరు గారు కుర్రవారు, మెత్తటి మనిషి. ఆయనా చదవలేదు గానీ, చదవకుండానే సంతకం పెట్టేశారు. "ఖాళీలో తగిన పేరు చెక్కించవచ్చును" అని కమిటీ తీర్మానం రాసింది. ఇలా మంచి పనులు కూడా ఒక్కోసారి పొరపాటున జరిగిపోతుంటాయి.

సోమవారం పొద్దున్నే మేస్త్రి సంచీ భుజాన వేసుకుని చర్చికి వచ్చాడు. తడిగుడ్డతో రాయి తుడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని జానెడు ఖాళీలో పైన ఒక గీత, కింద ఒక గీత గీసి, తాత అక్షరాల ఒంపులు చూసుకుంటూ పెన్సిలుతో నాలుగక్షరాలు రాశాడు. తాత ఎంత ఖచ్చితంగా వదిలాడో ఏమో, పేరు ఆ చోటులో ఇటు ఇంచు అటు ఇంచు లేకుండా కుదురుకుంది.

పెద్దమ్మ దగ్గర్లో బెంచీ మీద కూర్చుని చూస్తోంది.

"ఇంకాస్త పెద్దగా రాయకూడదూ?" అంది.

"జానెడే ఉంది పెద్దమ్మా. అయినా మేజరు గారి అక్షరాలెంతో ఇవీ అంతే."

"అంతేనా? అయితే చాల్లే." మళ్లీ తనే అంది, "మా నాన్న గరిటెతో కాస్త తీసి, ఊది, ముందు నాకు పెట్టేవాడు మేస్త్రీ. ఉప్పు సరిపోయిందా అనడిగేవాడు. నాలుగేళ్ల పిల్లకు ఉప్పేం తెలుస్తుంది చెప్పు? సరిపోయిందనేదాన్ని. యుద్ధంలో ముందు వరసలో ఉన్నవాళ్లకు అన్నం డేగిసా మోసుకెళ్తుంటే బాంబు పడిందట. డేగిసా దొరికింది, మనిషి దొరకలేదు. సమాధి కూడా లేదు. ఈ గోడే."

మేస్త్రి ఉలి మొన చూసుకున్నాడు. సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర సెక్రటరీ గారి గొంతు ఖంగుమని వినిపించింది.

"అయ్యయ్యో, ఆగవయ్యా మేస్త్రీ! ఆగు!"

సంఘం కమిటీ సెక్రటరీ గారి గురించి ఒక మాట చెప్పాలి. పక్క వీధి స్కూలుకు "వారసత్వ కట్టడం" అని నీలం బోర్డు వచ్చిన రోజు నుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు. ఆ స్కూలు హెడ్మాస్టరు ఆయనకు బావమరిది. బావమరిదికి బోర్డుండి తనకు లేకపోతే ఎలా అని పై ఆఫీసులకు కాళ్లరిగేలా తిరిగి, చివరికి వారసత్వ సంఘం నిపుణుణ్ని వెంటబెట్టుకొచ్చారు. ఆ నిపుణుడు తెల్లటి గ్లౌజులు వేసుకుని తలుపు గడియను కూడా పసిపాపను ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు. ఆ క్షణం నుంచి ఊరికి ఆయన గ్లౌజులాయన.

గ్లౌజులాయన కిటికీలు చూసి పెదవి విరిచాడు. బెంచీలు చూసి నిట్టూర్చాడు. సెక్రటరీ గారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అప్పుడు నల్లరాయి దగ్గరికి వచ్చి, పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, పద్దెనిమిదో వరస దగ్గర ఆగిపోయాడు.

"అద్భుతం!" అన్నాడు. "పేరు లేని మనిషికి ఇంత స్థలం వదలడం! దీన్ని ఖాళీ అనకండి. ఇది మౌనం. రాతిలో చెక్కిన మౌనం!"

"చెక్కలేదండీ," అన్నాడు మేస్త్రి. "వదిలేశారు."

"వదలడమే చెక్కడం." గ్లౌజులాయన ఇంకా దగ్గరికి వంగి ఉలిక్కిపడ్డాడు. "ఇదేమిటి? ఎవరో పిచ్చిగీతలు గీశారు! ఇంకా నయం, పెన్సిలు. చెరిపేయండి, వెంటనే చెరిపేయండి."

ఆ నాలుగక్షరాలు ఏమిటని ఆయన చదవనైనా లేదు. సెక్రటరీ గారు కళ్లెర్రజేసి మేస్త్రి వైపు చూశారు. తీర్మానం ఉందండీ అని మేస్త్రి గొణిగాడు. తీర్మానం రద్దయిందన్నారు సెక్రటరీ గారు, నిలబడ్డ చోటే. మేస్త్రి జేబులోంచి రబ్బరు తీసి, తాను రాసిన పేరును తన చేత్తోనే, వెనక నుంచి ముందుకు, ఒక్కో అక్షరం చెరిపాడు. వెనక్కి తిరిగి బెంచీ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

పెద్దమ్మే లేచి వచ్చింది.

"అయ్యా, ఆ వంటవాడు మా నాన్న. ఆయన పేరు..."

"అమ్మా," అని గ్లౌజులాయన ఆమె మాట పూర్తి కానీయకుండా, ఎంతో దయగా, గ్లౌజు చేతిని ఆమె భుజం మీద దాదాపు ఆనించాడు. "ఈయన మీ ఒక్కరి నాన్న కాదు. అందరి వంటవాడు."

"అందరికీ వండాడు లెండి. నాన్న మాత్రం నాకే."

ఆయన చిరునవ్వు నవ్వి నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నాడు. ఆమె మాట రాసుకుంటున్నాడేమోనని మేస్త్రి తొంగి చూశాడు. రాయి పొడవు, వెడల్పు రాసుకుంటున్నాడు.

మేస్త్రి ఇంటికి వెళ్లి, షెడ్డులో అటక మీదున్న ట్రంకుపెట్టె దించాడు. తాత కాగితం ఒక్కటి కూడా పారేసేవాడు కాదు. రేపు ఎవరైనా తప్పు చెక్కావని వస్తే మొహాన కొట్టడానికి దాచేవాడు. దుమ్ముకు తుమ్ములు తుమ్ముతూ మధ్యాహ్నం దాకా వెతికితే దొరికింది. పదిహేడు పేర్లు, కింద ఆ వరస, పాస్టరు గారి సంతకం.

"ఇది చూపిస్తే నోళ్లు మూతపడతాయి," అన్నాడు భార్యతో.

"నోళ్లు మూతపడే మనుషులైతే కమిటీల్లో ఎందుకుంటారండీ?" అంది ఆమె, గుమ్మంలో రాతిపొడి ఊడుస్తూ. ఆమె మాట మేస్త్రి పెడచెవిన పెట్టాడు. ముప్పై ఏళ్లుగా అదే తప్పు చేస్తున్నాడు.

గురువారం కమిటీ కూర్చుంది. మేస్త్రి కాగితం బల్ల మీద పెట్టాడు. పెద్దమ్మ తన తండ్రి పేరున్న బాప్తిస్మం రిజిస్టరు చంకన పెట్టుకొచ్చి దాని పక్కన పెట్టింది. గ్లౌజులాయన కాగితాన్ని భూతద్దంతో చదివాడు, రెండోసారి చదివాడు, కళ్లు చెమర్చాయి. గెలిచామనుకున్నాడు మేస్త్రి.

"పేరు కనుక్కుని చెబుతాను!" అన్నాడు గ్లౌజులాయన వణికే గొంతుతో. "ఎంత గొప్ప వాక్యం! నెరవేరని వాగ్దానం! ఎనభై ఏళ్లుగా ఆ రాయి ఎదురుచూస్తోంది!"

"అదే కదండీ. ఇంక ఎదురుచూడక్కర్లేదు. పేరు ఇదిగో, రిజిస్టర్లో ఉంది. చూడండి."

"మీకు అర్థం కావడం లేదు. నెరవేరకపోవడంలోనే దాని విలువంతా ఉంది. నెరవేరిస్తే ఇది పద్దెనిమిది పేర్ల రాయి. అలాంటివి ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, రెండో శ్రేణి. ఇలాగే ఉంచితే మొదటి శ్రేణి."

మొదటి శ్రేణి అనే మాట వినగానే సెక్రటరీ గారు కుర్చీలో ఒక బెత్తెడు పైకి లేచారు. బావమరిది స్కూలుది మూడో శ్రేణి.

"అయినా రిజిస్టరులో ఉన్నది ఒక వంటవాడి పేరు," అన్నాడు గ్లౌజులాయన, రిజిస్టరు తెరవకుండానే. "రాయి మీదున్నది ఆ వంటవాడే అనడానికి రుజువేది?"

"ఈ ఊరినుంచి యుద్ధానికి వెళ్లిన వంటవాడు ఒక్కడేనయ్యా," అంది పెద్దమ్మ.

"అది మీ నమ్మకం. నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కానీ నమ్మకం రుజువు కాదు."

చర్చిలో కూర్చుని ఈ మాట అన్న మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు. పాస్టరు గారు దగ్గారు. ఏమైనా అంటారేమోనని మేస్త్రి ఆశగా చూశాడు. ఆయనకు నిజంగానే దగ్గు.

కాగితాన్ని గ్లౌజులాయన ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును తన బ్యాగులో పెట్టుకున్నాడు. అది మా తాతదండీ అన్నాడు మేస్త్రి. ఇక అది జాతి సంపద అన్నాడాయన. సెక్రటరీ గారు మేస్త్రి భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లారు.

"ఒక్క పేరు కోసం ఊరి పరువు తీస్తావా? పైగా నీకు పనొచ్చింది. ఆ రాయి పక్కన కొత్త పలక పెట్టాలట. అజ్ఞాత వంటవాడి స్మృతి ఫలకం. నువ్వే చెక్కాలి."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను చెక్కను," అనేసి బయటికి వచ్చాడు.

బయట మెట్ల మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాడు. కొత్త పలక సంగతి చెప్పాడు.

"చెక్కు," అంది పెద్దమ్మ. "నువ్వు కాకపోతే ఇంకొకడు చెక్కుతాడు. వాడికి మా నాన్న ఎవరో కూడా తెలియదు."

"ఏం చెక్కమంటావు పెద్దమ్మా? ఆయన పేరు ఎవరికీ తెలియదని చెక్కమంటున్నారు. నువ్వు ఇక్కడ కూర్చునుండగా."

"నేనెన్నాళ్లు కూర్చుంటాలే," అంది పెద్దమ్మ. చీపురు పట్టుకుని లేచింది. "నేను పోయాక ఆ మాట నిజమే అవుతుంది. వాళ్లు ఎటూ గెలుస్తారు."

ఆ మాట మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే వెళ్లి పని ఒప్పుకుని కాగితం తెచ్చుకున్నాడు.

కాగితంలో ఎనిమిది వరసలు. గ్లౌజులాయన రాసినవి. "ఇతని పేరు ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే మనకు దక్కిన వారసత్వం." ఇంకా ఇలాంటివే. రెండో పేజీలో నిబంధనలు. పలక మందం ఇంత, అక్షరం లోతు ఇంత. ఆవిష్కరణ రోజునుంచే పలక కూడా వారసత్వ జాబితాలో చేరుతుంది, ఆ పైన దానిమీద గీత గీసినా నేరం. చివరి నిబంధన: "అడుగున, కుడి మూలన, పేరు. రెండంగుళాల అక్షరాలు. తప్పనిసరి."

"ఇదేమిటండీ?" అని అడిగితే సెక్రటరీ గారు చెయ్యి ఊపేశారు. "పనివాడి పేరో ఏదో ఉండాలట, భావితరాలకు. వేసెయ్ వేసెయ్."

మేస్త్రి ఇంట్లో మూడు తరాల్లో ఎవ్వరూ రాయి మీద తమ పేరు వేసుకోలేదు. పోయినవాళ్ల పక్కన బతికున్నవాడి పేరు ఉండకూడదని తాత అనేవాడు. కానీ ఈసారి కాగితంలోనే ఉంది. తాత పద్ధతి ప్రకారమే వేసుకోవచ్చు. యాభై ఎనిమిదేళ్ల వయసు, చెక్కిన సమాధులు ఎన్నో తనకే తెలియదు, చర్చి గోడ మీద తన పేరు! ఎనిమిది వరసలూ చెక్కుతున్న పది రోజులూ ఆ ఆలోచన అతన్ని లోపల కితకితలు పెడుతూనే ఉంది. సిగ్గుపడ్డాడు కూడా. సిగ్గుపడుతూనే ఏ ఒంపుతో రాస్తే బాగుంటుందో ఊహించుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున కుడి మూలన తన పేరు పెన్సిలుతో రాసుకున్నాడు. మూడక్షరాలు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. బాగుంది. చాలా బాగుంది. వెళ్లి టీ తాగి వచ్చి మళ్లీ చూశాడు. పైన "ఎవరికీ తెలియదు", కింద తన పేరు. ఆ అబద్ధానికి తను సాక్షి సంతకం పెట్టినట్టుంది.

నిబంధన మళ్లీ చదివాడు. "పేరు" అని ఉంది. ఎవరి పేరో కాగితంలో లేదు.

జేబులోంచి రబ్బరు తీశాడు. ఆ నెలలో అది చెరిపిన రెండో పేరు.

మధ్యాహ్నం భార్య అన్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకు వచ్చింది. కుడి మూలన కొత్తగా చెక్కిన నాలుగక్షరాలూ చదివింది. చాలాసేపు చూసింది.

"ఇది మీ పేరు కాదు," అంది.

"కాదు."

"మళ్లీ జన్మలో రాదు ఇలాంటి అవకాశం. మీ పేరు కరెంటు బిల్లు మీదే చూసుకోవాలి ఇక."

"చూసుకుంటాలే."

ఆమె క్యారియరు విప్పింది, కంచం పెట్టింది, వడ్డించింది. అతను తింటూ ఉంటే మళ్లీ పలక దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"మూడో అక్షరం కొమ్ము కాస్త లోతు చాలలేదు. చూసుకోండి," అంది.

ఆవిష్కరణ ఆదివారం జరిగింది. ఆ ఏటి పేర్లు చదివే ఆదివారం కూడా అదే పెట్టుకున్నారు, ఒకే దెబ్బకు పని అయిపోతుందని. సెక్రటరీ గారు బావమరిదిని పిలిచి మరీ ముందు వరసలో కూర్చోబెట్టారు. మేస్త్రి పక్క గోడ దగ్గర నిలబడ్డాడు. గుడ్డ తీయగానే ఎవరో ఒకరు అరుస్తారు. నలభై అర్జీల్లో ఉంది ఆ పేరు. పాస్టరు గారి సంతకం ఆ పేరు కిందే ఉంది. రద్దయిన తీర్మానానికి కుట్టిన కాగితంలో ఉంది. కనీసం ఒక్కడికి గుర్తు రాకపోతుందా? వస్తే రానీ. గుడ్డ తీశాక గీత గీసినా నేరమని వాళ్లే రాసుకున్నారు.

పాస్టరు గారు పదిహేడు పేర్లు చదివారు. సంఘం పదిహేడు సార్లు "మరచిపోము" అంది. తరవాత గ్లౌజులాయన లేచి గుడ్డ లాగాడు. ఎనిమిది వరసలూ వణికే గొంతుతో చదివాడు. ఇతని పేరు ఎవరికీ తెలియదు అన్నప్పుడు ముందు వరసలో ఒకావిడ కళ్లొత్తుకుంది. ఆవిడ ఇల్లు పెద్దమ్మ ఇంటికి ఎదురిల్లు.

అప్పుడు సెక్రటరీ గారు కళ్లద్దాలు సవరించుకుని పలక మీదికి వంగారు.

"ఇంత చక్కటి పలక చెక్కిన మన మేస్త్రిని కూడా తలుచుకోవాలి కదా," అని, కుడి మూల అక్షరాలు కూడబలుక్కుని, ఆ పేరు పెద్దగా, చర్చి మారుమోగేలా చదివారు. "చప్పట్లు కొట్టండి!"

సంఘమంతా చప్పట్లు కొట్టింది.

సెక్రటరీ గారు వచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపారు. "ఎంత మంచి పేరయ్యా నీది! ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఇన్నాళ్లూ తెలియనే లేదు!" చచ్చిపోయిన వంటవాడి పేరు పెట్టి గారు అని కూడా చేర్చి పిలిచారు. పాస్టరు గారు అలాగే పిలిచి దీవించారు. మేజరు గారి మునిమనవడు అలాగే పిలిచి ఫొటో దిగాడు. మేస్త్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరో ఒకరు గుర్తుపడతారని ఆ పేరు చెక్కినప్పటి నుంచీ భయపడ్డాడు. తన పేరు అది కాదని కూడా ఊళ్లో ఎవరికీ తెలియదన్న సంగతి అతనికి తట్టనే లేదు.

వెనక వరసలో పెద్దమ్మ నిలబడి ఉంది. ఎనభై ఏళ్లలో మొదటిసారి ఆ చర్చిలో ఆ నాలుగక్షరాలు ఎవరో పైకి పలికారు, ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, చీపురు చేతిలోంచి జారి బెంచీకి ఆనుకుంది. ఆమె లేచి నిలబడడం చూసి, తలుపులు తీయడానికి లేచిందనుకుని, అందరూ భోజనాలకు బయలుదేరారు.

జాబితా రాసుకునే గుమాస్తా ఒకడు మిగిలాడు. పలక పొడవు, వెడల్పు, తేదీ రాసుకున్నాడు. "చెక్కినవారి పేరు" అనే గడి దగ్గర పెన్ను ఆపాడు. మేస్త్రి అతని పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి ఉన్నాడు. గుమాస్తా పలక మీదికి వంగి, కుడి మూల చూసి, నాలుగక్షరాలూ ఎక్కించుకుని, ఫైలు మూసి వెళ్లిపోయాడు. అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో మేస్త్రి రెండు రోజులుగా తయారు చేసుకుని పెట్టుకున్నాడు.

కాబట్టి ఇప్పుడు వారసత్వ జాబితాలో ఉన్నది ఇదీ: వంటవాడి పేరు ఎవరికీ తెలియదు, పలక చెక్కింది మాత్రం ఫలానా గొప్ప శిల్పి. ఆయన గురించి గ్లౌజులాయన ఒక వ్యాసం కూడా రాస్తున్నాడట.

చర్చి ఖాళీ అయ్యాక పెద్దమ్మ తడిగుడ్డ తెచ్చింది. పలక దగ్గర కూర్చుని కుడి మూల తుడిచింది. తుడవడానికి అక్కడ దుమ్మేమీ లేదు. ఒక్కో అక్షరం గాడిలో వేలు పెట్టి మెల్లగా చదువుకుంది. మూడో అక్షరం కొమ్ము దగ్గర వేలు కాసేపు ఆగింది.

"లోతుగా చెక్కావు," అంది.

"మా ఆవిడ చెప్పింది."

పెద్దమ్మ తలాడించింది. గుడ్డ పిండి మడత పెట్టింది. లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, అతని ముఖంలోకి చూసింది. ఆమె ముఖంలో ఎప్పుడూ చూడని సిగ్గు కనిపించింది.

"అవునూ, ఇది నీ పేరు ఉండాల్సిన చోటు కదా. నేనూ ఆ సెక్రటరీ లాంటిదాన్నే. నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, మేస్త్రీ మేస్త్రీ అంటూనే ఉన్నాను. నీ పేరేంటి నాయనా?"

ఆ ప్రశ్న మేస్త్రిని ఎవరైనా అడిగి చాలా ఏళ్లయింది. గొంతు సవరించుకుని చెప్పాడు.

పెద్దమ్మకు సరిగా వినపడలేదేమోనని ఇంకోసారి చెప్పాడు. వినపడింది. ఆమె దాన్ని పైకి పలికింది, సరిగ్గా పలికానా అన్నట్టు చూసింది, అతను తలాడించాక మళ్లీ పలికింది.

"మరచిపోను," అంది.